పెద్ద రిమ్ములకు టైర్లు కొనే ముందు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ స్విఫ్ట్‌కి 16 అంగుళాల అలాయ్ వీల్స్ వేయించారని, వాటితో వచ్చిన టైర్లు అరిగిపోయి కొత్తవి చూస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రోజూ జయపురం నుంచి ఘాటీ ఎక్కి సునాబేడ డ్యూటీకి వెళ్లొచ్చే బండి అది. పండక్కి సుంకి ఘాటీ దిగి, సాలూరు మీదుగా విజయనగరం మీ అమ్మమ్మ గారింటికి వెళ్లేదీ అందులోనే. అందుకే షాపులో ఏది స్టాకుంటే అది వేయించేయకుండా ఈ నాలుగు మాటలూ చదవండి.

ముందు మీ పాత 14 అంగుళాల టైరు పక్కన కూర్చుని దాని మీదున్న అంకెలు చూడండి. 165/80 ఆర్14 అని ఉంటుంది. 165 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 132. 14 అంగుళాల రిమ్ము 355.6 మిల్లీమీటర్లు. దానికి పైనా కిందా ఉన్న రెండు పక్కగోడలూ కలపండి, చక్రం మొత్తం ఎత్తు దాదాపు 620 వస్తుంది. రిమ్ము మార్చినా ఈ 620 మారకూడదు. కంపెనీ చేసేదీ అదే. ఇదే స్విఫ్ట్ పై మోడళ్లకి 185/65 ఆర్15 ఇస్తుంది, లెక్కేస్తే 621.5. మీ 16కి 195/55 వేస్తే 621. అదే మీ సైజు.

అలా కాక, బండి ఎత్తుగా కనబడుతుందని ఎవరో చెబితే 205/60 ఆర్16 వేశారనుకోండి. ఎత్తు 652 అవుతుంది. స్పీడోమీటరుకి తెలిసేది చక్రం తిరిగిన చుట్లే కాబట్టి ముందుకన్నా 5 శాతం తక్కువ చూపిస్తుంది. ఘాటీ ఎక్కేటప్పుడు ఇంజను లాగలేక గేరు దించాల్సి వస్తుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డు లోపలుండే ప్లాస్టిక్ లైనరుకి రాసుకుంటుంది.

సైజు తర్వాత ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. అంకె ఒక్కో టైరు మోయగల బరువు చెబుతుంది: 85 అంటే 515 కిలోలు, 87 అంటే 545. మీ పాత టైరు మీదున్న అంకెకు తగ్గింది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా బియ్యం మూటలు వేసుకుని ఘాటీ దిగే కుటుంబం మనది. అక్షరం వేగానికి. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు, హెచ్ అంటే 210. అదీ పాతదానికి తగ్గకుండా చూసుకుంటే చాలు.

నాకు అసలు దిగులు పక్కగోడ గురించే. 132 ఉన్నది 195/55లో 107కి తగ్గిపోయింది. గోతిలో పడ్డప్పుడు దెబ్బ కాసుకునేది ఆ గోడే. వానాకాలం లారీలు తొక్కి తొక్కి సుంకి రోడ్డు ఎలా తయారవుతుందో మీకు తెలుసు. అంచు పదునుగా ఉన్న గోతిలో గట్టిగా పడితే పక్కగోడ రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. ఆ చోట కోడిగుడ్డంత బుడిపె లేస్తుంది. దానికి పంక్చర్ షాపులో మందు లేదు, టైరు మార్చాల్సిందే. వారానికొకసారి టైరు లోపలివైపు కూడా చేత్తో తడిమి చూడండి, బుడిపె ఎక్కువగా అక్కడే దాక్కుంటుంది. నన్నడిగితే ఈ రోడ్లకి 15 అంగుళాలు చాలు, 16 హద్దు. 17 మాట ఎత్తొద్దు. 205/45 వేస్తే పక్కగోడ 92 మిల్లీమీటర్లే మిగులుతుంది.

రిమ్ము వెడల్పు కూడా చూడండి. 195/55కి అయిదున్నర నుంచి ఏడు అంగుళాల దాకా సరిపోతుంది. టైరు మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి. తయారైన తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 2324 అంటే 2024లో 23వ వారం. ఏళ్ల తరబడి షాపులో మగ్గినవి కొత్తగానే మెరుస్తాయి, మోసపోకండి.

స్టెపినీ పాత 14 అంగుళాలదే ఉండనివ్వండి. ఎత్తు ఒకటే కనుక ఘాటీలో పంక్చరైతే అదే ఆదుకుంటుంది. కొన్ని అలాయ్ వీల్స్‌కి నట్లు వేరేగా ఉంటాయి, పాత నట్లు డిక్కీలోనే పెట్టుకోండి.

బిగించాక బ్యాలెన్సింగూ అలైన్‌మెంటూ చేయించి, వెనక ముగ్గుర్ని కూర్చోబెట్టి, స్టీరింగు రెండువైపులా చివరిదాకా తిప్పుతూ నెమ్మదిగా నడపండి. తర్వాత దిగి, టార్చి వేసి లైనరు చూడండి. ఎక్కడైనా కొత్తగా రాసుకున్న గీత కనబడితే ఆ బండి ఘాటీ ఎక్కించకుండా నాకు ఫోన్ చేయండి.

రాయగడ నుంచి,
మీ తాతయ్య