"గంత లేదు" అనే మాట వెనక నలభై అయిదేళ్లు

మే నెలలో మహారాష్ట్రలోని మా చంద్రపూర్ ఎలా ఉంటుందో ఇక్కడ ఒక్క ఎండాకాలం గడిపినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 46 డిగ్రీలు మాకు వార్త కాదు. 2024లో అలాంటి ఒక మధ్యాహ్నం, ఏసీ కోసం సగం, సినిమా కోసం సగం అన్నట్టు నేనూ మా బావా 'మ్యాడ్ మ్యాక్స్' సిరీస్‌లో కొత్తగా వచ్చిన 'ఫ్యూరియోసా' చూడ్డానికి వెళ్లాం. హిందీ డబ్బింగ్. హాల్లో మాతో కలిపి ఇరవై మంది ఉంటే ఎక్కువ.

బావది రాజురా రోడ్డు మీద లారీ గ్యారేజి. బొగ్గు టిప్పర్లకు కమాన్‌పట్టీలు మార్చడం, బ్రేకులు చూడడం అతని పని. రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది కాబట్టి ఆ గ్యారేజిలో తెలుగు, మరాఠీ, హిందీ మూడూ ఒకే వాక్యంలో దొర్లుతాయి. హాలు బయటికి రాగానే బావ పాన్‌ఠేలా దగ్గర ఆగి, వక్కా పొగాకూ కలిపిన ఖర్రా రుద్దించుకుంటూ తీర్పు చెప్పేశాడు.

"మంచిగనే ఉంది గానీ, గా ముందటి దానంత లేదురా."

ముందటిది అంటే 2015లో వచ్చిన 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్'. బావ దాన్ని ఫోన్లో ఎన్నిసార్లు చూశాడో ఆయనకే లెక్క లేదు. బావ ఒక్కడే కాదు, 'ఫ్యూరియోసా' గురించి ప్రపంచంలో చాలామంది అన్నది కూడా ఇదే. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒక అనుమానం. ఈ సిరీస్‌లో దేనంత ఉండాలి? అసలు కొలత ఏది?

మొదటి సినిమానే కొలత అందామా అంటే, అక్కడే చిక్కొచ్చి పడుతుంది. 1979లో వచ్చిన 'మ్యాడ్ మ్యాక్స్'ను ఇప్పుడు చూస్తే ఇది ఆ సిరీసేనా అనిపిస్తుంది. అందులో ఎడారి లేదు, ప్రళయం ఇంకా రాలేదు. పోలీసులున్నారు, ఊళ్లున్నాయి, ఐస్‌క్రీం కొనుక్కునే దుకాణాలున్నాయి. రోడ్ల మీద మాత్రం మోటార్‌సైకిల్ గ్యాంగులదే రాజ్యం. మ్యాక్స్ ఒక హైవే పోలీసు. ఆ గ్యాంగు పసిబిడ్డను పొట్టన పెట్టుకుని, భార్యను చావుబతుకుల్లో పడేస్తే పగ తీర్చుకుంటాడు. కథ అంతే.

దర్శకుడు జార్జ్ మిల్లర్ డాక్టరు. సిడ్నీ ఆస్పత్రిలో ఎమర్జెన్సీ వార్డులో పనిచేస్తూ, రోడ్డు ప్రమాదాల్లో నుజ్జయి వచ్చినవాళ్లను రోజూ చూసినవాడు. ఆయనతో కలిసి కథ రాసిన జేమ్స్ మెకాస్‌లాండ్ పాత్రికేయుడు. 1973 నాటి చమురు సంక్షోభంలో పెట్రోలు బంకుల దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడి కొట్టుకోవడం ఆయన మనసులో ఉండిపోయింది. ఆ రెండూ కలిస్తే ఈ సినిమా. ఖర్చు సుమారు నాలుగు లక్షల ఆస్ట్రేలియా డాలర్లే. వచ్చింది మాత్రం పది కోట్ల అమెరికా డాలర్ల పైమాట అంటారు. పెట్టుబడికి లాభం లెక్కన చాలా ఏళ్లు గిన్నిస్ రికార్డు దీని పేరు మీదే ఉంది. అమెరికాలో ఆ ఆస్ట్రేలియా యాస జనానికి అర్థం కాదని అమెరికా గొంతులతో డబ్బింగ్ చెప్పించి మరీ విడుదల చేశారు. ఇంగ్లీషును ఇంగ్లీషులోకి డబ్ చేశారన్నమాట. హిందీలో చూశామని మేం సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మనందరి కళ్లలో ఉన్న మ్యాడ్ మ్యాక్స్ లోకం, అంటే ఇసుక, తోలు బట్టలు, తుప్పు బళ్లు, డ్రమ్ము పెట్రోలు కోసం ప్రాణాలు తీయడం, ఇదంతా 1981లో వచ్చిన రెండో భాగంతోనే పుట్టింది. అంటే ఈ సిరీస్‌కు ముఖం ఇచ్చిందే ఒక సీక్వెల్. అమెరికాలో మొదటి భాగం ఎక్కువమంది చూడలేదు కాబట్టి, అక్కడ రెండు అనే అంకె తీసేసి 'ది రోడ్ వారియర్' అనే పేరుతో వదిలారు. దాంతో అక్కడి జనం దాన్ని దేనితోనూ పోల్చలేదు, కొత్త సినిమాలాగే చూశారు. ఆ అదృష్టం తర్వాత ఏ భాగానికీ దక్కలేదు.

చివర్లో ట్యాంకర్ ఛేజింగ్ ఉంటుంది. అంతమంది చచ్చి కాపాడిన ట్యాంకర్ బోల్తా పడ్డాక, దాంట్లోంచి ఇసుక కారుతుంది. అసలు పెట్రోలు వేరే దారిలో వెళ్లిపోయింది. ఈ సీను గురించి చెప్పినప్పుడు బావ పగలబడి నవ్వాడు. "మా దిక్కు కాంటా మీద గిట్లనే చేస్తరు, పైన బొగ్గు, లోపల రాయి" అన్నాడు. అది నిజమో అబద్ధమో నాకు తెలీదు, ఆయన చెప్పే తీరు మాత్రం అది.

"అంత లేదు" అనే మాట మొదటిసారి గట్టిగా పడింది మూడో భాగం మీద. 1983లో నిర్మాత బైరన్ కెనడీ హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాడు. మిల్లర్‌కు ఆయన చదువుకునే రోజుల నుంచీ స్నేహితుడు, ఈ సిరీస్‌కు సగం ప్రాణం. ఆ దెబ్బ తర్వాత మిల్లర్ ఒక్కడే ఆ సినిమా మోయలేదు. జార్జ్ ఓగిల్వీ అనే నాటక దర్శకుణ్ణి తోడు తెచ్చుకున్నాడు. 1985లో వచ్చిన ఆ సినిమా 'మ్యాడ్ మ్యాక్స్ బియాండ్ థండర్‌డోమ్'. చివర 'బైరన్ కోసం' అని ఒక ముక్క ఉంటుంది. గాయని టీనా టర్నర్ అందులో ఊరి పెద్దమ్మ.

నా వరకు, ఆ సినిమా మొదటి గంట ఈ సిరీస్‌లోనే మంచి ఆలోచనల్లో ఒకటి. ఎడారిలో ఒక సంత ఊరు. ఆ ఊరికి కరెంటు పందుల పేడ గ్యాస్‌తో వస్తుంది. పైన రాణి ఏలుతున్నా, కింద పేడలో పనిచేయించేవాడు వాల్వు తిప్పితే ఊరంతా చీకటి. ఎవరు గొప్ప? మన పల్లెల్లో గోబర్ గ్యాస్ తొట్టి దగ్గర అన్నదమ్ములు పోట్లాడుకోవడం చూసినవాడికి ఇది వెంటనే ఎక్కుతుంది. తర్వాత మ్యాక్స్ పిల్లల గుంపులో పడతాడు, అక్కణ్నుంచి సినిమా మెత్తబడిపోతుంది. అప్పటి ప్రేక్షకుల కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ పిల్లలు పాత లోకాన్ని సగం సగం గుర్తుపెట్టుకుని, దాన్ని ఒక కథగా కట్టి ఒకరికొకరు చెప్పుకుంటారు చూడండి, ఆ ముక్క గుర్తుంచుకోండి. 'ఫ్యూరియోసా' దగ్గర అదే పనికొస్తుంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఖాళీ. ఈలోగా మిల్లర్ మాట్లాడే పందిపిల్ల సినిమా తీశాడు, డాన్సు చేసే పెంగ్విన్ యానిమేషన్ తీసి ఆస్కార్ కూడా కొట్టాడు. నాలుగో భాగం 2000 తర్వాత మొదలుపెడదామంటే ముందు డాలర్ విలువ గొడవ, ఆపైన ఇరాక్ యుద్ధం. తీరా అన్నీ కుదిరి ఆస్ట్రేలియాలో బ్రోకెన్ హిల్ దగ్గర తీద్దామనుకునేసరికి, అక్కడ ఎన్నడూ లేనంత వానలు పడి ఎర్రటి ఎడారి పచ్చబడి పూలు పూసింది. ప్రపంచం అంతమైపోయిందని చెప్పే సినిమాకు పూలతోట ఏం పనికొస్తుంది? మొత్తం సరంజామా ఆఫ్రికాలోని నమీబియాకు ఎత్తుకెళ్లి 2012లో తీశారు.

బావ గుండె పడేసుకున్నది ఆ బళ్ల మీదే. 'ఫ్యూరీ రోడ్'లో పెద్ద ట్యాంకర్ కింద ఉన్నది టాట్రా లారీ. మన సైన్యంలో తిరిగే టాట్రాల చుట్టాలే. దాని మీద పాత షెవర్లే కారు బాడీలు ఎక్కించారు. మంటలు కక్కే గిటారు కూడా గ్రాఫిక్స్ కాదు, నిజంగానే మంట కక్కింది. స్టంట్లు చూసుకున్న గై నారిస్, 1981 నాటి రెండో భాగంలో కుర్రాడిగా బైకు స్టంట్ చేస్తూ కాలు విరగ్గొట్టుకున్నవాడు. మొదటి సినిమాలో విలన్‌గా చేసిన హ్యూ కీస్-బర్న్ ముప్పై ఆరేళ్ల తర్వాత ఇందులో మళ్లీ విలన్. ఎడిటర్ మార్గరెట్ సిక్సెల్, మిల్లర్ భార్య, 480 గంటల ఫుటేజీ ముందు కూర్చుని దాన్ని రెండు గంటలకు తెచ్చింది. పది ఆస్కార్ నామినేషన్లు, ఆరు అవార్డులు. అందులో ఒకటి ఆమెది.

ఇక్కడ ఒక సంగతి జనం మర్చిపోతారు. ఇప్పుడు అందరూ కొలబద్దగా పట్టుకున్న ఈ సినిమా, విడుదలైన వారం అమెరికాలో మొదటి స్థానంలో కూడా లేదు. కాలేజీ అమ్మాయిల పాటల పోటీ మీద తీసిన ఒక సీక్వెల్ దాన్ని దాటేసింది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 38 కోట్ల డాలర్లు తెచ్చింది, పెట్టిన డబ్బుతో పోలిస్తే అది పెద్ద పండగేమీ కాదు. దాని పేరు మెల్లగా పెరిగింది, ఇళ్లల్లో, ఫోన్లలో, మా బావ లాంటివాళ్ల దగ్గర. 2024లో మేం పోల్చింది 2015 నాటి సినిమాతో కాదు, తొమ్మిదేళ్లు ఊరబెట్టిన జ్ఞాపకంతో.

ఇక 'ఫ్యూరియోసా'. 'ఫ్యూరీ రోడ్'లో ఆ ట్యాంకర్ నడిపే ఒంటిచేతి ఆడమనిషి పేరే ఫ్యూరియోసా, ఇది ఆమె ముందు కథ. దీని స్క్రిప్టు 'ఫ్యూరీ రోడ్' షూటింగుకు ముందే రాసి పెట్టుకున్నారు. ఆ పాత్ర ఎక్కణ్నుంచి వచ్చిందో నటులకూ పనివాళ్లకూ తెలియాలని రాసుకున్న వెనక కథ అది. హిట్టయింది కదా ఇంకోటి తీద్దాం అని పుట్టింది కాదు. 'ఫ్యూరీ రోడ్' డబ్బుల దగ్గర నిర్మాణ సంస్థతో కోర్టు గొడవ నడవడంతో ఇది ఇంకా ఆలస్యమైంది.

'ఫ్యూరీ రోడ్' మూడు రోజుల కథ, పోవడం, తిరిగి రావడం, అంతే. ఇది ఒక పిల్ల ఎత్తుకుపోబడిన దగ్గర్నుంచి పదిహేనేళ్లకు పైగా సాగే పగ. అయిదు అధ్యాయాలు, రెండున్నర గంటలు. ఒళ్లంతా అక్షరాలు పొడిపించుకున్న ఒక ముసలాయన దీన్ని చెబుతాడు. చివర విలన్ ఎలా చచ్చాడన్న దగ్గర, కొందరు ఇలా అంటారు, కొందరు అలా అంటారు అని రెండు మూడు రకాలు చెప్పి, తాను విన్నది ఇదీ అని మరొకటి చెబుతాడు. ఒగ్గుకథ విన్నవాళ్లకు ఇది కొత్త కాదు. కథ చెప్పేవాడు మధ్యలో డోలు ఆపి, "మా ఊర్ల గిట్ల జెప్తరు" అంటే ఎవడూ లేచిపోడు కదా. ఛేజింగ్ సినిమా అనుకుని వచ్చినవాడికి మాత్రం ఇది నత్తనడక.

తప్పులు లేవనడం లేదు. చాలాచోట్ల ఎడారి కంప్యూటర్లో పూసినట్టు మెరుస్తుంది. విలన్ డిమెంటస్ మాటలు సగం తగ్గిస్తే బాగుండేది. నలభై రోజుల యుద్ధం అని ఊరించి, దాన్ని నాలుగు బొమ్మల్లో దాటించేయడం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. ఆమె బతుకుతుందనీ, చెయ్యి పోతుందనీ ముందే తెలుసు కాబట్టి టెన్షన్ ఎక్కడ పుడుతుందన్న బావ ప్రశ్న కూడా న్యాయమైనదే. 17 కోట్ల డాలర్లకు కాస్త తక్కువ ఖర్చు పెడితే, వసూళ్లు దాదాపు అంతే వచ్చాయి. హాళ్ల వాటా పోగా నష్టమే.

మొన్న గ్యారేజికి వెళ్తే బావ ఒక టిప్పర్ కింద పడుకుని ఉన్నాడు. మధ్యాహ్నం బువ్వ తిన్నాక ఆయన ఫోన్లో 'ఫ్యూరియోసా'నే పెట్టాను, ట్యాంకర్ మీద దాడి దగ్గర్నుంచి. ఆ పదిహేను నిమిషాల సీను తీయడానికి 78 రోజులు పట్టింది. ఫ్యూరియోసా ఛాసిస్ కింద వేలాడుతూ, నడుస్తున్న బండికి రిపేరు చేస్తుంటుంది. పైన గాలిలో గొడుగుల్లాంటివి కట్టుకుని దొంగలు దిగుతుంటారు. ట్యాంకర్ వెనక గొలుసులకు కట్టిన ఇనుప గుండ్లు గిరగిరా తిరుగుతూ వాళ్లను కొడతాయి.

బావ రెండుసార్లు వెనక్కి జరిపి చూశాడు. మాట్లాడలేదు. మూడోసారి గుండ్ల దగ్గర ఆపి, గ్రీజు వేలితో స్క్రీను మీద ముద్ర వేసి, అన్నాడు:

"గీ గుండ్లకు తిప్పుడు జోరు ప్రొపెల్లర్ షాఫ్టు నుంచి తీసుకున్నరా, వేరే మోటర్ ఉందా?"

నాకు తెలీదన్నాను. "హాల్ల గిది సరిగ్గ చూడలె" అని ఫోను నా చేతిలోంచి లాక్కుని మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.