చీర కట్టిన సత్యభామ: స్థానంవారి సంగతి

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో "తాతయ్యా, ఈ ఫోటోలో ఆవిడెవరు?" అని అడిగి, ఆవిడ కాదర్రా ఆయన అనగానే పడీపడీ నవ్వారు. మీ తప్పేం లేదులెండి. టీవీలో మగవాడు చీర కట్టాడంటే అది నవ్వించడానికే. కానీ ఆ ఫోటోలో ఉన్న స్థానం నరసింహారావుగారు చీర కట్టి స్టేజీ మీదికి వస్తే ఎవరూ నవ్వేవారు కాదు, కళ్ళప్పగించి చూసేవారు. ఎందుకో ఫోనులో చెబితే తెమిలేది కాదని ఇలా కాగితం పట్టుకున్నాను.

ఆయనది బాపట్ల. 1902లో పుట్టారు. అప్పటి నాటకం సగం నాటకం, సగం పాటకచ్చేరీ. రాత్రి భోజనాలయ్యాక తెర లేస్తే తెల్లవారుజాము దాకా సాగేది. మైకులు లేవు. పెట్రోమాక్సు లైట్ల వెలుగు, పక్కన కాళ్ళతో తొక్కే హార్మోనియం, తబలా. పద్యం ఎత్తుకున్నవాడి గొంతు ఆఖరి వరసలో చాప పరుచుకున్న ముసలాయనకి కూడా వినబడి తీరాలి. జనానికి నచ్చిందా, "వన్స్‌మోర్!" అని కేకలు. స్టేజీ మీద చచ్చిపోయినవాడు లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయేవాడని ఒక పాత జోకు. ఊరికే పుట్టలేదది.

ఇక ఆడవేషాలు. సంసారుల ఇంటి ఆడపిల్ల ముఖానికి రంగు పూసుకుంటే పరువు పోతుందనే కాలం. సురభివాళ్ళ దారి వేరు, వాళ్ళది ఇంటిల్లిపాదీ నాటకమే కాబట్టి ఆడవేషాలు ఆడవాళ్ళే వేసేవారు. మిగతా నాటక సమాజాల్లో చాలావరకు మగవాళ్ళే దిక్కు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం పెట్టారు. చంద్రమతి వేషం కట్టాల్సినాయన రాలేదు. ఆ లోటు పూడ్చడానికి ముఖానికి రంగు పూసుకున్నవాడే మన నరసింహారావుగారు. అప్పటికి పద్దెనిమిదేళ్ళవాడు. చంద్రమతి ఏమన్నా తేలిక పాత్రా? కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకుని కాటిలో ఏడవాలి. మీసం మొలిచే వయసులో మొదటి వేషమే అది!

ఆ తర్వాత తెనాలి శ్రీరామవిలాస సభలో చేరారు. పేరంతా అక్కణ్ణుంచే వచ్చింది. చిత్రాంగి, దేవదేవి, చింతామణి, రోషనార, మధురవాణి... ఇలా పేరున్న నాటకాల్లోని ఆడవేషాలు వరసగా కట్టారు. ఈ పేర్లలో ఒక తమాషా ఉంది, గమనించండి. మధురవాణీ వేశ్యే, చింతామణీ వేశ్యే, దేవదేవీ వేశ్యే. ముగ్గుర్నీ ఒకే వగలతో నెట్టుకొచ్చేవాళ్ళు బోలెడంతమంది. కానీ మధురవాణి ఎదుటివాణ్ణి మాటతో ఆడిస్తుంది, చింతామణి చివరికి మనసు మారి విరక్తిలో పడుతుంది, దేవదేవి పంతం పట్టి ఒక భక్తుణ్ణి వలలో వేస్తుంది. నడక, చూపు, పైట సర్దుకునే తీరు కూడా మూడు రకాలుగా ఉండాలి. చీర కట్టడం ఎవరైనా నేర్చుకుంటారు, ఈ తేడా చూపించడమే కష్టం.

అన్నిటికీ మించింది సత్యభామ. ముత్తరాజు సుబ్బారావుగారు రాసిన 'శ్రీకృష్ణ తులాభారం'లోది. కథ మీకు తెలుసు. వ్రతం చేసి మొగుణ్ణి నారదుడికి దానమిచ్చి, ఎత్తు బంగారం ఇచ్చి వెనక్కి తెచ్చుకుంటే కృష్ణుడు ఇక తనకే సొంతమని ఆవిడ నమ్మకం. ఆ ధీమాలో పాడే పాటే "మీరజాలగలడా నా యానతి". నా మాట దాటగలడా అని అడగడమన్నమాట. ఆ పాట రాసింది కూడా స్థానంవారే, తన పాత్ర కోసం తానే.

ఇప్పుడు ఆ సీను కొంచెం ఆలోచించండి. కాసేపట్లో త్రాసు దగ్గర నగలన్నీ పోసినా కృష్ణుడు లేవడనీ, రుక్మిణి వేసే తులసిదళానికే తూగుతాడనీ ముందు కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. తెలియనిది సత్యభామకి ఒక్కదానికే. అందుకని ఆ పాటలో ఒట్టి పొగరు చూపిస్తే జనానికి ఆవిడంటే చిరాకు పుడుతుంది. పొగరు వెనక ఆశ, మొగుడి మీద పిచ్చి ప్రేమ కనబడితేనే తర్వాత ఆవిడ ఓడిపోయినప్పుడు మనకి బాధ. వన్స్‌మోర్ అన్నప్పుడల్లా స్థానంవారు అదే పల్లవిని ఇంకో రకంగా అభినయించి చూపించేవారని చూసినవాళ్ళు చెప్పుకునేవారు. ఒకసారి గర్వం, ఒకసారి గారాబం, ఒకసారి సిగ్గు. రాగాలు తీసి చప్పట్లు కొట్టించుకునే గాయక నటులు ఆ కాలంలో చాలామందే ఉన్నారు. ఈయన పాట మాత్రం పాత్రకి లోబడి నడిచేది. నాకు ఆయన గొప్పతనం అక్కడే కనిపిస్తుంది.

అందరూ మెచ్చుకున్నారనుకోకండి. ఆ రోజుల్లో పేరుమోసిన నటుడు బళ్ళారి రాఘవగారు ఆడవేషాలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టినాయన, చదువుకున్న ఆడవాళ్ళని స్టేజీ ఎక్కించారు కూడా. న్యాయం ఆయన వైపే ఉందని నేనూ ఒప్పుకుంటాను. ఆడవాళ్ళని రానివ్వకపోబట్టే కదా ఈ అవసరం పుట్టింది. అయినా సత్యభామ పేరెత్తితే స్థానంవారు గుర్తుకు రాక మానరు. రెండూ నిజాలే, మీరు పెద్దయ్యాక తేల్చుకోండి.

1938లో రంగూన్ వెళితే అక్కడ బంగారు కిరీటం పెట్టారు. సినిమాలో కూడా సత్యభామ వేశారు గానీ స్టేజీ మీద వచ్చిన పేరు తెర మీద రాలేదు. నాకు తోచిన కారణం ఒకటే. పది గజాల దూరంలో, పెట్రోమాక్సు వెలుగులో నమ్మించేది వేరు, కెమెరా ముక్కు దగ్గరికొచ్చి చూసినప్పుడు నమ్మించేది వేరు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. 1971లో పోయారు.

ఆ పాటని 1966లో వచ్చిన 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో సుశీలగారు పాడారు, జమునగారు అభినయించారు. యూట్యూబులో దొరుకుతుంది. ముందు కళ్ళు మూసుకుని ఒకసారి వినండి, తర్వాత చూడండి. చూశాక నాకు ఫోను చెయ్యండి, జమునగారి సత్యభామలో పొగరు ఎక్కువా, ప్రేమ ఎక్కువా చెబుదురు గాని. మీ నానమ్మకీ నాకూ ఈ విషయంలో ఎప్పటినుంచో పేచీ ఉంది.

ఇట్లు
మీ తాతయ్య