కరెంటు పోయి వచ్చాక తేలుతుంది: డిజిటల్ సైనేజ్ ప్లేయర్ మీద అపోహలు, వాస్తవాలు

తెల్లవారుజామున ఐదున్నరకి నా ఫోన్ మోగిందంటే చేసింది టిఫిన్ సెంటర్ వాళ్లే అయ్యుంటారు. "అన్నా, టీవీలో నో సిగ్నల్ అని వస్తోంది. జనం వచ్చేస్తున్నారు, రేట్లు కనపడట్లేదు." రాత్రి కరెంటు పోయిందా అని అడుగుతాను. "పోయింది, మళ్లీ వచ్చేసింది కదా" అంటారు. ఆ 'వచ్చేసింది కదా' దగ్గరే మా పని మొత్తం ఉంది.

నేను పెట్టేవి టిఫిన్ సెంటర్ల మెనూ బోర్డులు, బంగారం కొట్ల రేటు బోర్డులు, ఆసుపత్రుల్లో ఓపీ టోకెన్ తెరలు. ఇలాంటి తెరల బోర్డులనే డిజిటల్ సైనేజ్ అంటారు. తెర వెనకాల అరచేతిలో పట్టే డబ్బా ఒకటి ఉంటుంది, అదే ప్లేయర్. నెట్‌లో ఉన్న సర్వర్ నుంచి బొమ్మలు, వీడియోలు, ఏది ఎప్పుడు చూపించాలన్న టైమ్‌టేబుల్ తెచ్చుకుని చూపిస్తూ ఉంటుంది. చెప్పుకుంటే ఇంతే. కానీ దీని మీద కొట్టు యజమానికో అభిప్రాయం, ఆయన బావమరిదికో అభిప్రాయం, ఎలక్ట్రీషియన్‌కి ఇంకో అభిప్రాయం ఉంటాయి. రోజూ వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కరెంటు వస్తే అన్నీ వాటంతట అవే ఆన్ అవుతాయి

ఇంట్లో టీవీ ఆన్ కాకపోతే రిమోట్ నొక్కుతాం. కొట్లో పది అడుగుల ఎత్తున ఉన్న తెరకి ఆ రిమోట్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కాబట్టి మనిషి చేయి పడకుండా లేవాలి. లేవాల్సినవి మూడు: టీవీ, ప్లేయర్, రౌటర్. మూడూ ఒకేసారి లేవవు.

టీవీ చాలాసార్లు స్టాండ్‌బైలోనే నిద్రపోతుంది. కరెంటు వచ్చాక ముందున్న స్థితికే రావాలన్న సెట్టింగ్ సైనేజ్ మోడళ్లలో ఉంటుంది, ఇంటి మోడళ్లలో కొన్నిటికి ఉండదు. కొనేముందే అడగాలి. ప్లేయర్‌గా మినీ పీసీ పెడితే బయోస్‌లోకి, అంటే విండోస్ లాంటివి మొదలవకముందే వచ్చే సెట్టింగుల్లోకి వెళ్లి, కరెంటు తిరిగొస్తే ఆన్ అవ్వాలి అన్నది పెట్టాలి. చాలావాటిలో అది ఆఫ్‌లో వస్తుంది.

ప్లేయర్‌గా చాలామంది వాడే చిన్న కంప్యూటర్ బోర్డు రాస్ప్‌బెర్రీ పైది ఇంకో తమాషా. అది టీవీ కన్నా ముందే లేచి, హెచ్‌డీఎంఐ తీగలో అటువైపు ఎవరైనా ఉన్నారా అని చూస్తుంది. టీవీ ఇంకా లేవలేదు కాబట్టి తెర లేదనుకుంటుంది. ఆ తర్వాత టీవీ లేచినా బొమ్మ రాకపోవచ్చు. పొద్దున్నే వచ్చే 'నో సిగ్నల్' ఫోన్లలో సగం ఇదే. తెర ఉన్నా లేకపోయినా ఫలానా రిజల్యూషన్‌లో సిగ్నల్ పంపు అని దాని బూట్ ఫైళ్లలో ఒక వరుస రాస్తే తీరిపోతుంది.

ఇక గడియారం. రాస్ప్‌బెర్రీ పై 4 మోడల్‌లో బ్యాటరీ మీద నడిచే గడియారం లేదు. కరెంటు పోయే ముందు రాసి పెట్టుకున్న టైమ్ నుంచే మళ్లీ మొదలుపెడుతుంది. రాత్రి ఒంటిగంటకి పోయి ఐదింటికి వచ్చిందనుకోండి, నెట్ తగిలి టైమ్ సరిచేసుకునే దాకా దాని లెక్కలో అది ఇంకా ఒంటిగంటే. పై 5లో గడియారం ఉంది కానీ బ్యాటరీ విడిగా కొని తగిలించాలి. టైమ్ మరీ తప్పితే ఇంకో చిక్కు: సర్వర్ భద్రతా సర్టిఫికెట్ మీది తేదీలతో పొంతన కుదరక, అది చెల్లదనుకుని ప్లేయర్ కనెక్ట్ కాదు. మనం నెట్ పోయిందని రౌటర్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం. ఒక ఆసుపత్రిలో నేను సగం రోజు అలాగే కూర్చున్నాను. అక్కడి నెట్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్‌లో టైమ్ సర్వర్‌కి వెళ్లే దారి, 123 పోర్టు, మూసేశారు. వెబ్‌సైట్లకి వాడే 443 తెరిచే ఉంది, అందుకే మిగతా అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించాయి.

టైమ్‌జోన్ కూడా చూసుకోవాలి. డబ్బా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉండిపోతే మనకన్నా ఐదున్నర గంటలు వెనక. ఉదయం 7 గంటలకి రావాల్సిన ఇడ్లీ బోర్డు మధ్యాహ్నం 12:30కి వస్తుంది. భోజనానికి వచ్చినవాళ్లు ఇడ్లీ అడుగుతున్నారంటూ ఒకాయన నాకు ఫోన్ చేశాడు. టైమ్‌జోన్ ఆసియా కోల్‌కతా అని పెట్టడానికి పట్టేది ఒక్క నిమిషం.

చివరగా మెమరీ కార్డు. ఏదో రాస్తుండగా కరెంటు పోతే కార్డు చెడిపోవచ్చు. కార్డును రీడ్-ఓన్లీగా, అంటే చదవడమే తప్ప దాని మీద ఏమీ రాయకుండా పెట్టే వీలుంది, కానీ అప్పుడు దించుకున్న వీడియోలు కూడా రీస్టార్ట్‌తో పోతాయి. వాటికి వేరే చోటు చూపించాలి. దానికన్నా ప్లేయర్‌ని, రౌటర్‌ని ఇన్వర్టర్ లైన్ మీదో, రౌటర్లకి అమ్మే చిన్న యూపీఎస్ మీదో పెట్టడం మేలు. ఈ రెండూ తినే కరెంటు ఎంతని, పై 4 అడాప్టరే 15 వాట్లది.

నా పరీక్ష ఒక్కటే. అంతా బిగించాక యజమాని ఎదురుగా ఎంసీబీ దించేస్తాను. పది నిమిషాలు టీ తాగుతాం. మళ్లీ ఎత్తి చేతులు జేబులో పెట్టుకుని నిలబడతాను. ఐదు నిమిషాల్లో మెనూ వచ్చి టైమ్ సరిగ్గా చూపిస్తే మిగతా డబ్బులు తీసుకుంటాను.

అపోహ: స్మార్ట్ టీవీ ఉంటే ప్లేయర్ అక్కర్లేదు

సగం నిజం. శాంసంగ్ టైజెన్, ఎల్‌జీ వెబ్‌ఓఎస్ సైనేజ్ మోడళ్లలో ప్లేయర్ సాఫ్ట్‌వేర్ లోపలే నడుస్తుంది, విడిగా డబ్బా అక్కర్లేదు. ఇంటికోసం అమ్మే స్మార్ట్ టీవీ అలాంటిది కాదు. ఆన్ అవ్వగానే హోమ్ స్క్రీన్‌కి వెళ్లి సినిమా పోస్టర్లు చూపిస్తుంది. మధ్యలో అప్‌డేట్ చేసుకోమంటూ అడ్డం వస్తుంది. పైగా చాలా ఇంటి టీవీల వారంటీ వ్యాపార వాడకానికి వర్తించదు, కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. సైనేజ్ ప్యానెల్ మీద 16/7, 24/7 అని రాసేది రోజుకి ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు నడపొచ్చో చెప్పడానికే.

వెలుతురు కూడా లెక్కే. తెర వెలుతురుని నిట్లలో కొలుస్తారు, ఇంటి టీవీ మామూలుగా 250 నుంచి 350 నిట్ల మధ్య ఉంటుంది. ట్యూబ్‌లైట్ కింద సరిపోతుంది. పడమర ముఖం కొట్టులో సాయంత్రం నాలుగింటికి అది నల్లటి అద్దమే, మన మొహమే మనకి కనిపిస్తుంది.

టీవీ హెచ్‌డీఎంఐలో పెట్టే చిన్న స్టిక్ ప్లేయర్ తగిలించి, దానికి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచే ఇస్తారు కొందరు. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. కానీ పాత తరహా యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. స్టిక్‌కి అది చాలక సగంలో రీస్టార్ట్ అవుతూ ఉంటుంది. దానితో వచ్చిన అడాప్టరే వాడండి.

అపోహ: నెట్ పోతే తెర నల్లబడుతుంది

సరైన ప్లేయర్ వీడియోని ఒకసారి దించుకుని తన దగ్గర దాచుకుంటుంది, ఆ తర్వాత అక్కడి నుంచే ఆడిస్తుంది. లెక్క చూడండి. 30 సెకన్ల ఫుల్ హెచ్‌డీ వీడియో, సెకనుకి 8 మెగాబిట్లు అనుకుంటే 30 ఎంబీ. ఐదు నిమిషాలకోసారి చొప్పున 15 గంటలు ఆడితే 180 సార్లు. ప్రతిసారీ నెట్ నుంచి లాగితే రోజుకి 5.4 జీబీ, దించుకుని పెట్టుకుంటే అదే 30 ఎంబీ. నెట్ పోయినా ఇవన్నీ నడుస్తాయి. ఆగిపోయేవి వెబ్ పేజీలు, అప్పటికప్పుడు మారాల్సిన అంకెలు.

అసలు భయపడాల్సింది నల్లటి తెరకి కాదు, పాత అంకెకి. ఒక బంగారం కొట్లో పొద్దున నెట్ లేక ముందురోజు గ్రాము రేటే ఉండిపోయింది. రేటేమో పెరిగింది. గొలుసు కొనడానికి వచ్చిన ఆవిడ బోర్డు ఫోటో తీసుకుని మరీ కౌంటర్ దగ్గరికి వచ్చింది. "మీ బోర్డులో ఉన్న రేటే కదయ్యా నేనడుగుతోంది" అంటే కొట్టాయన ఏం మాట్లాడతాడు, ఆ రేటుకే ఇచ్చాడు. తర్వాత నన్ను పిలిచి ఏమన్నాడో ఇక్కడ రాయను. తప్పు నాదే. రేటు స్లైడ్‌కి గడువు పెట్టలేదు. ఇప్పుడు రేటు స్లైడ్ ప్రతిదీ రాత్రి కొట్టు కట్టేసే టైమ్‌కి ముగిసిపోతుంది. కొత్త రేటు వచ్చేదాకా 'నేటి రేటు కౌంటర్‌లో అడగండి' అన్న బొమ్మ ఉంటుంది.

అపోహ: తెలుగు కంప్యూటర్‌లో బాగా కనిపిస్తే తెర మీదా బాగానే వస్తుంది

బొమ్మగానో వీడియోగానో పంపితే నిజమే, అక్కడున్నవి చుక్కలే కాబట్టి. టోకెన్ తెరలాంటి చోట అక్షరాలు ప్లేయరే అప్పటికప్పుడు వేసుకోవాలి. అప్పుడు తెలుగు ఫాంట్ ప్లేయర్‌లో ఉండాలి, లేకపోతే వరుసగా ఖాళీ డబ్బాలు. ఫాంట్ ఉన్నా చాలదు, గుణింతాలు, ఒత్తులు కలిపే పని సాఫ్ట్‌వేర్‌కి తెలియాలి. 'స్త్రీ' మనకి ఒక అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాల వరుస: స, విరామం (మన పొల్లు), త, విరామం, ర, ఈత్వం. కలపడం రాని ప్లేయర్‌లో అది విడివిడిగా పొల్లులతో వస్తుంది. ప్రసూతి వార్డు ముందు అలాంటి బోర్డు నేనే చూశాను.

డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన మేటర్‌తో ఇంకో తలనొప్పి. అక్కడ వాడే అను ఫాంట్లలో కొట్టింది యూనికోడ్ కాదు. దాన్ని కాపీ చేసి సైనేజ్ సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల ముద్ద వస్తుంది. యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా మళ్లీ కొట్టుకోవాలి. ఫాంట్లకి కరువు లేదు. నోటో సాన్స్ తెలుగు ఉంది, మండలి, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. దూరం నుంచి చదవాల్సిన అంకెలకి, పేర్లకి నేను నోటోయే వాడతాను, మిగతావి శీర్షికలకి అందంగా ఉంటాయి. ఇంగ్లిష్ లెక్కన వరుసల మధ్య ఎడం పెడితే కింది ఒత్తులు తెగిపోతాయి, కాస్త వదులుగా పెట్టాలి. నా టెస్ట్ స్లైడ్‌లో నాలుగే మాటలుంటాయి: స్త్రీ, జ్యేష్ఠ, కృష్ణా, లక్ష్మి. ఈ నాలుగూ సరిగ్గా వస్తే మిగతావీ వస్తాయి.

అపోహ: ఫ్లెక్సీ డిజైన్ ఉంది, అదే వాట్సాప్‌లో పెట్టేస్తే సరిపోతుంది

ఫ్లెక్సీ అడుగుల్లో ఉంటుంది, తెర పిక్సెళ్లలో. ఫుల్ హెచ్‌డీ తెరైతే అడ్డంగా 1920, నిలువుగా 1080, అంతే. నిలువు తెరైతే తిరగేసి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నొక్కి చిన్నది చేస్తుంది, సన్న అక్షరాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమని ఎన్నిసార్లు చెప్పినా ఫోటోగానే వస్తుంది.

కొన్ని టీవీలు బొమ్మని కాస్త సాగదీసి అంచులు కత్తిరిస్తాయి. సినిమా చూసేటప్పుడు తెలియదు. మెనూ బోర్డులో రేట్లు ఉండేది కుడి అంచునే. 60 రూపాయల దోసెకి సున్నా ఎగిరిపోయి 6 మిగిలింది ఒకచోట. కాలేజీ కుర్రాళ్లు ఊరుకుంటారా, పది దోసెలు ఆర్డర్ ఇచ్చారు. టీవీ పిక్చర్ సైజులో ఎల్‌జీ అయితే జస్ట్ స్కాన్, మిగతావాటిలో ఆ అర్థం వచ్చే పేరు చూసి పెట్టండి.

అపోహ: కొత్త మోడల్ కొంటే వీడియో ఇంకా బాగా ఆడుతుంది

అన్నిసార్లూ కాదు. వీడియోని నొక్కి చిన్నది చేసే పద్ధతులున్నాయి, హెచ్.264, హెచ్.265 అలాంటివే. ఎక్కువ మంది పంపే హెచ్.264 వీడియోని విప్పడానికి పై 4లో ప్రత్యేక హార్డ్‌వేర్ ఉంది. 2023లో వచ్చిన పై 5లో అది తీసేశారు, హెచ్.265కి మాత్రమే ఉంచారు. హెచ్.264 పని ప్రాసెసర్ మీద పడుతుంది. దాని ప్రాసెసర్ గట్టిది కాబట్టి ఫుల్ హెచ్‌డీ ఆడేస్తుంది, కానీ గాలాడని చోట వేడెక్కుతుంది. ముందు మీ వీడియో ఏ రకమో చూసి, తర్వాత డబ్బా కొనండి.

అపోహ: సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా కట్టాల్సిందే

అక్కర్లేదు. జీబో సర్వర్, యాంథియాస్ రెండూ ఓపెన్ సోర్స్, అంటే ఉచితంగా దించుకుని వాడుకోవచ్చు. యాంథియాస్ ఒకటి రెండు తెరలకి హాయి, కాకపోతే ఒక్కో తెరని విడివిడిగా చూసుకోవాలి. పది తెరలుంటే జీబో సర్వర్ పెట్టి ఒకే చోటి నుంచి నడపొచ్చు, కాకపోతే ఆ సర్వర్ బాగోగులు ఇక మీవి. చూసుకునే ఓపిక లేకపోతే నెలనెలా కట్టడమే చవక.

అపోహ: వైఫై ఉంది కదా, కేబుల్ ఎందుకు?

టీవీ వెనక, గోడకి, ఇనప ఫ్రేముకి మధ్య ఇరుక్కున్న డబ్బాకి వైఫై సరిగ్గా అందదు. పక్క కొట్ల రౌటర్ల గోల ఉండనే ఉంది. వైరింగ్ చేసేటప్పుడే ఒక క్యాట్ 6 లాగించండి, వంద మీటర్ల దాకా దిగులు లేదు. హెచ్‌డీఎంఐ తీగ మాత్రం పొడుగు లాగకండి. ప్లేయర్ తెర దగ్గర ఉండాలి, పొడుగు తీగ నెట్ కేబులే కావాలి.

అపోహ: మా చిన్న కొట్టుని ఎవడు హ్యాక్ చేస్తాడు?

హ్యాకర్ అక్కర్లేదు, కస్టమర్ చాలు. కస్టమర్లకిచ్చే వైఫై మీదే టీవీ కూడా ఉంటే ఎవరి ఫోన్‌లోనైనా ఆ టీవీ పేరు కనిపిస్తుంది. ఒకచోట పూరీ తింటున్న పిల్లాడు మెనూ బోర్డు మీద క్రికెట్ హైలైట్స్ వేసేశాడు. అందరూ చూశారు, ఎవరూ లేవలేదు, టేబుళ్లు ఖాళీ కాలేదు. గెస్ట్ వైఫై వేరు చేయండి, పాస్‌వర్డులు మార్చండి. రాస్ప్‌బెర్రీ పై వాళ్లు 2022 ఏప్రిల్ నుంచి 'పై' అనే పాత డిఫాల్ట్ యూజర్‌ని, 'రాస్ప్‌బెర్రీ' అనే పాస్‌వర్డ్‌ని తీసేశారు. అంతకుముందు పెట్టిన డబ్బాల్లో అవి ఇంకా ఉండే ఉంటాయి.

అపోహ: ఒకసారి పెట్టాక ఇక పనేమీ ఉండదు

దుమ్ము దులపాలి. వంటగది పక్కన ఉంటే నూనె జిడ్డు కూడా తుడవాలి. అన్నిటికన్నా ముందు, స్లైడ్ వేసేటప్పుడే ఎప్పుడు ఆగిపోవాలో తేదీ పెట్టాలి. మొన్న ఉగాది ముందు ఒక బట్టల కొట్టుకి వేరే పని మీద వెళ్తే తెర మీద ఇంకా ముగ్గులు, గొబ్బెమ్మలు, సంక్రాంతి ఆఫర్. "బాబాయ్, ఇది తీసేద్దామా?" అన్నాను. ఆయన ఒకసారి తల ఎత్తి చూశాడు.

"బాగానే ఉందిగా, ఉండనీ. ఆ ఆఫర్ అన్న ముక్క ఒక్కటీ తీసెయ్యి."