పిల్లల గురక: మెత్తటి గొట్టం కథ

"పిల్లాడు గురక పెట్టి మరీ పడుకున్నాడంటే ఒళ్లెరగని నిద్ర పట్టినట్టేగా?" తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఈ నమ్మకం ఎంత పాతదో అంత తప్పు. నిద్ర ఎంత గాఢంగా ఉందో గురక చెప్పదు, గొంతులో గాలి దారి ఎంత ఇరుకైందో చెబుతుంది. జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు గురక వచ్చి పోతే పట్టించుకోనక్కర్లేదు. జలుబు లేకపోయినా వారంలో మూడు రాత్రులో అంతకన్నా ఎక్కువో వస్తుంటే మాత్రం కారణం వెతకాలి. గురక పెట్టే పిల్లలందరికీ జబ్బు ఉండదు. మొత్తం పిల్లల్లో నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో గాలి దారి మూసుకుపోయే సమస్య, ఉంటుందని అంచనా. 2 నుంచి 8 ఏళ్ల మధ్య ఇది ఎక్కువ. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్, గొంతుకు రెండు పక్కలా ఉండే టాన్సిల్స్ ఆ వయసులో చుట్టూ ఉన్న చోటుతో పోలిస్తే బాగా పెద్దగా ఉంటాయి.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. అసలు తమాషా అంతా గొట్టంలో ఉంది.

ముక్కుకు ఎముకల ఆసరా ఉంది. శ్వాసనాళానికి మృదులాస్థి వలయాలున్నాయి. ఈ రెంటి మధ్య, అంగిలి వెనక నుంచి స్వరపేటిక పైదాకా ఉన్న భాగానికి అలాంటి చట్రం లేదు. అక్కడ గట్టి గోడ ఉంటే మింగలేం, మాట్లాడలేం. ఆ సౌకర్యానికి నిద్రలో మూల్యం చెల్లిస్తాం.

తడిసి మెత్తబడ్డ కాగితం స్ట్రాతో చిక్కటి రసం పీల్చండి. మెల్లగా పీలిస్తే వస్తుంది. గట్టిగా పీలిస్తే గోడలు దగ్గరకొస్తాయి. ఇంకా గట్టిగా లాగితే అతుక్కుపోతాయి, ఒక్క చుక్క కూడా రాదు. ఎంత ప్రయత్నిస్తే అంత బిగుసుకునే గొట్టమిది. ఇప్పుడు స్ట్రా పై కొసను వేళ్లతో కాస్త నొక్కి పట్టి పీల్చి చూడండి. నొక్కింది ఒకచోట, అతుక్కునేది దాని కింద ఇంకోచోట! అడినాయిడ్స్ పెరిగినా, ముక్కు దిబ్బడేసినా గొంతు మూసుకుపోయేది ఇందుకే. గోడను పక్కల నుంచి నొక్కితే అది టాన్సిల్స్ చేసే పని, ఒళ్లు బరువైన పిల్లల్లో మెడ కొవ్వు చేసే పని. స్ట్రాను మధ్యలో వంచితే ఇట్టే మూసుకుంటుంది: ఎత్తు దిండు వేస్తే, గడ్డం ఛాతీకి ఆనితే జరిగేది అదే. పొడవునా లాగి పట్టుకుంటే గోడ కాస్త బిగుస్తుంది: ఈ పిల్లలు తల బాగా వెనక్కి వాల్చి పడుకునే గుట్టు అది. అతుక్కోబోయే ముందు గోడలు గాలికి పటపటా అదురుతాయి. అదే గురక. పూర్తిగా అతుక్కుంటే అదురు ఉండదు, చప్పుడూ ఉండదు. కాబట్టి పెద్ద గురక కంటే గురక మధ్యలో వచ్చే నిశ్శబ్దం ప్రమాదకరం.

శరీరధర్మ శాస్త్రంలో ఈ గొట్టాన్ని స్టార్లింగ్ రెసిస్టర్ అంటారు. గోడలు ఏ పీడనం దగ్గర అతుక్కుంటాయో కొలవచ్చు కూడా. పిల్లల నిద్ర జబ్బుల వైద్యురాలు కరోల్ మార్కస్ బృందం 1994లో పిల్లల్లో కొలిచింది. వాతావరణ పీడనాన్ని సున్నా అనుకుంటే, ఒట్టి గురక ఉన్నవాళ్లలో అది సగటున మైనస్ 20 సెంటీమీటర్ల నీటి పీడనం, అంటే గట్టిగా లాగితే తప్ప మూతపడదు. ఆప్నియా ఉన్నవాళ్లలో ప్లస్ 1. లాగకముందే, మామూలు వాతావరణ పీడనం దగ్గరే మూతపడేంత మెత్తన! పైగా గాలి నిదానంగా, సాఫీగా పారే గొట్టంలో నిరోధం వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. వ్యాసార్ధం సగమైతే నిరోధం 16 రెట్లు. పెద్దవాళ్ల గొంతులో లెక్కలోకి రాని ఒక మిల్లీమీటరు వాపు పసిగొంతులో చాలా పెద్ద విషయం.

మరి పగలెందుకు మూసుకోదు? మెలకువలో నాలుక కండరం, గొంతు కండరాలు గోడను బిగించి పట్టుకుంటాయి. నిద్రలో పట్టు సడలుతుంది, కలలొచ్చే రెమ్ నిద్రలో మరీ సడలుతుంది. రెమ్ నిద్ర ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది కనుక పిల్లల ఆప్నియా కూడా అప్పుడే ముదురుతుంది. పడుకున్న అరగంటకు తొంగిచూసి "బాగానే ఉన్నాడు" అనుకుంటే లాభం లేదు. నాలుగు, ఐదు గంటలప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. చొక్కా తీసేసి, ఛాతీ, పొట్ట, మెడ మూడూ కనిపించేలా, చప్పుడు వినిపించేలా ఐదు నిమిషాలు చాలు. గాలి పీల్చేటప్పుడు పొట్ట పొంగి ఛాతీ లోపలికి పోతోందా, మెడ కింది గుంట లోపలికి లాక్కుంటోందా చూడాలి. మూడేళ్ల లోపు పిల్లల్లో రెమ్ నిద్రలో ఛాతీ కొంత ఇలా కదలడం మామూలే. చప్పుడు ఆగినా పొట్ట కదులుతూనే ఉండి, చివరికి ఉలిక్కిపడ్డట్టు ఊపిరి అందుకుంటే అది మూసుకున్న గొట్టంతో పెనుగులాట. ఆ వీడియో డాక్టరుకు చూపించాలి. ఒళ్లంతా చెమట, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, పొద్దున్నే తలనొప్పి కూడా చెప్పాల్సినవే.

పెద్దవాళ్లకు గొంతు మూసుకోగానే మెదడు ఉలికిపాటుతో లేపుతుంది, దాంతో నిద్ర ముక్కలై పగలు తూగుతారు. పిల్లల మెదడు అంత తేలిగ్గా లేపదు. నిద్ర ఆకారం చాలావరకు చెదరదు, లోపల మాత్రం ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. పగలు తూగడానికి బదులు చిరాకు, కుదురులేమి, ధ్యాస నిలవకపోవడం కనిపిస్తాయి. బడిలో దీనికి "అల్లరి", "మొద్దు" అని పేర్లు పెట్టేస్తారు. విలియం హిల్ అనే బ్రిటిష్ వైద్యుడు 1889లోనే, నోటితో గాలి పీలుస్తూ రాత్రి గురక పెట్టే "మొద్దు" పిల్లలను బడి వైద్యుడు పరీక్షించాలని రాశాడు. చాలా బళ్లకు ఆ మాట ఇప్పటికీ చేరలేదు.

నిర్ధారణకు స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి తీరును కొలిచే పరీక్ష, చేస్తారు. పెద్దవాళ్లలో ఊపిరి 10 సెకన్లు ఆగితే లెక్క. పిల్లలు వేగంగా ఊపిరి తీస్తారు కాబట్టి రెండు శ్వాసలంత సేపు ఆగినా లెక్కే. ఇలా ఆగడం గంటకు ఒకటి దాటితే పిల్లల్లో అసాధారణం, పెద్దల్లో ఆ గీత 5. పెద్దల కొలతతో చదివి "నార్మల్" అన్న రిపోర్టును నమ్మకూడదు. రాత్రంతా వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూసినప్పుడు ఆక్సిజన్ పదేపదే పడిపోతుంటే అది బలమైన ఆధారం, పడకపోతే మాత్రం జబ్బు లేదని చెప్పలేం. టాన్సిల్స్ పరిమాణమూ మోసం చేస్తుంది: పెద్దవి ఉన్నా బాగుండేవాళ్లున్నారు, చిన్నవి ఉన్నా గొట్టం మెత్తబడి బాధపడేవాళ్లున్నారు. అడినాయిడ్స్ అయితే నోరు తెరిస్తే కనిపించవు. ఎక్స్‌రే గానీ, ముక్కులోంచి వేసే సన్నటి ఎండోస్కోపు గానీ కావాలి.

తక్కువ స్థాయిలో ఉంటే ముందు స్టెరాయిడ్ ముక్కు స్ప్రే. తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో, ముక్కు మధ్య గోడకు కాకుండా బయటి వైపుకు కొట్టాలి. మధ్య గోడకు కొడితే రక్తం కారుతుంది. గట్టిగా ఎగపీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది. ఫలితానికి వారాలు పడుతుంది. 2023లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, ఆరు వారాలకు స్టెరాయిడ్ స్ప్రేకూ ఉప్పునీటి స్ప్రేకూ పెద్ద తేడా కనిపించలేదు. రెండింటితోనూ దాదాపు సమానంగా కుదుటపడ్డారు. పిల్లలు నిద్రపోతారని మత్తు కలిగించే దగ్గు మందులు పట్టడం, నోటికి టేపు అతికించడం మాత్రం చేయకండి. మత్తు గోడను ఇంకా సడలిస్తుంది, టేపు మిగిలిన దారిని మూస్తుంది.

ముదిరితే టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసేస్తారు. 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందితో అమెరికాలో జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. మరీ తీవ్రమైన కేసులను అందులోకి తీసుకోలేదు. ఏడు నెలలకు ఆపరేషన్ అయినవారిలో 79 శాతం మందికి స్లీప్ స్టడీ సాధారణ స్థితికి వచ్చింది. వేచి చూసినవారిలోనూ 46 శాతం మందికి వచ్చింది. అందుకే తేలికపాటి కేసుల్లో కంగారుపడి కత్తి పట్టనక్కర్లేదు. ఆపరేషన్ తర్వాతా మిగిలితే, మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ ఉంది: స్ట్రాలోకి పై నుంచి ఊదుతూ గోడలు అతుక్కోకుండా చూడటమే.

ఆపరేషన్ అయిన మొదటి రాత్రి వాపు వల్ల ఊపిరి ఇంకా కష్టం కావచ్చు. మూడేళ్ల లోపు పిల్లలను, ఊబకాయం, డౌన్ సిండ్రోమ్, తీవ్రమైన ఆప్నియా ఉన్నవారిని ఆ రాత్రి ఆస్పత్రిలోనే ఉంచుతారు. నొప్పికి కోడీన్ అనే మందు ఇవ్వకూడదు. కొందరి శరీరం దాన్ని వేగంగా మార్ఫిన్‌గా మార్చేస్తుంది, ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిపై 2013లోనే హెచ్చరించింది. గొంతులో కోసిన చోట ఏర్పడిన తెల్లటి పొర రాలే ఐదు నుంచి పది రోజుల మధ్య రక్తస్రావం జరగొచ్చు. రక్తం ఏ కొంచెం కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పిల్లలు రక్తాన్ని మింగేస్తారు కాబట్టి, నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తుంటే లేపి, లైటు వేసి గొంతు చూడండి.