రెండు కిలోలు దించేస్తే మెడల్ ఖాయమా? బాక్సింగ్‌లో అపోహలు - వాస్తవాలు

నేను బాక్సింగ్ కోచ్‌ని. జిల్లా సెలక్షన్స్ తేదీ బయటికొచ్చిందంటే చాలు, నాకు ఒకటే రకం ఫోన్లు. "మాస్టారూ, మావోడు యాభై రెండున్నర కిలోలు ఉన్నాడండి. ఓ రెండున్నర దించేస్తే యాభై కిలోల కేటగిరీలో పడతాడు కదండీ? ఇక మెడల్ వచ్చేసినట్టే కదా!" రావులపాలెం నుంచి రాజోలు దాకా ఎవరు చేసినా ఇదే మాట. అడిగే తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. స్పోర్ట్స్ కోటాలో ఏదైనా వస్తుందన్న ఆశ, చేజారుతుందేమోనన్న టెన్షన్ వాళ్లది. నా కోపమంతా "రెండ్రోజులు నీళ్లు మానిపించి, రెయిన్‌కోటు తొడిగి పరిగెత్తించండి, అదే దిగుద్ది" అని సలహాలిచ్చేవాళ్ల మీదే.

అపోహ: ఎంత కింది కేటగిరీలో దిగితే అంత సులువు.

వాస్తవం: మీవాడు ఎండిపోయి రింగెక్కుతాడు. అవతలి కుర్రాడు సహజంగానే ఆ బరువు కాబట్టి తిని, నిద్రపోయి ఎక్కుతాడు. మొదటి రౌండ్ పట్టుదలతో గడిచిపోతుంది. రెండో రౌండ్ సగంలో గార్డ్, అంటే మొహానికి అడ్డంగా పెట్టుకున్న చేతులు, కిందికి జారుతుంది. జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే పంచ్) వేసిన చెయ్యి గడ్డం దగ్గరికి తిరిగి రాదు. సరిగ్గా అక్కడే దెబ్బ పడుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. యూట్యూబ్‌లో చూసే ప్రొఫెషనల్ బౌట్లకి (పోటీలకి) సాధారణంగా ముందురోజే బరువు చూస్తారు, కోలుకోవడానికి ఒక రాత్రయినా దొరుకుతుంది. మన అమెచ్యూర్‌లో బౌట్ ఉన్నరోజు పొద్దున్నే వెయింగ్, ఆ రోజే బౌట్. గెలిస్తే తర్వాతి బౌట్ రోజు మళ్లీ కాటా ఎక్కాలి. అంటే ఫైనల్‌కి వెళ్లేవాడు టోర్నమెంట్ పొడవునా ఎండుతూనే ఉండాలన్నమాట.

దెబ్బ ఎక్కువ తగిలేది మాలాంటి తేలిక బరువు వాళ్లకే. 90 కిలోల మనిషికి రెండున్నర కిలోలంటే ఒంట్లో మూడు శాతం కూడా కాదు. 52న్నర ఉన్న కుర్రాడికి దాదాపు ఐదు శాతం. పైగా అంతర్జాతీయ సమాఖ్య ‘వరల్డ్ బాక్సింగ్’ పెట్టిన కొత్త కేటగిరీల్లో మగవాళ్లకి 50 తర్వాత 55, మధ్యలో ఏమీ లేదు. ఆ ఖాళీలో ఇరుక్కున్న పిల్లలే ఈ రెయిన్‌కోటు సలహాలకి బలవుతున్నారు.

అసలే మనది కోనసీమ ఉక్కపోత. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అలాంటి చోట ప్లాస్టిక్ కోటు తొడిగి కాలువ గట్టు మీద పరిగెత్తిస్తే లోపలి వేడి బయటికి పోయే దారే ఉండదు. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు ఇలా బరువు దించుతూ వారాల తేడాతో చనిపోయారు. ఇక ఒంట్లో నీరు తగ్గినవాడి తలకి దెబ్బ తగిలితే ప్రమాదం ఇంకా ఎక్కువని డాక్టర్లు హెచ్చరిస్తారు. నీరింకిన కొబ్బరికాయలో కురిడీ ఎలా గిలకొడుతుందో మనవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

నేను 49 కిలోల్లో ఆడే రోజుల్లో ఒక సెలక్షన్స్‌లో కాటా దగ్గర నా ముందు నిలబడ్డ కుర్రాడు బరువు తగ్గడానికి బిస్కెట్ డబ్బాలోకి ఉమ్ముతూనే ఉన్నాడు. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. కాటా మీద సరిపోయాడు, వాళ్ల కోచ్ చప్పట్లు కొట్టాడు. మధ్యాహ్నం బౌట్‌లో పెద్ద దెబ్బేమీ తగలకుండానే పిక్కలు పట్టేసి మూలన కూర్చుండిపోయాడు. నా మట్టుకు నేను బాగా ఆడిన బౌట్లన్నీ 52కి మారాకే.

పెద్ద స్థాయిలోనూ ఇంతే. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్. ఒలింపిక్స్ కోసం 50కి దిగింది. పారిస్‌లో ఓడాక, రెండు రోజులు తిండీ నీళ్లూ లేకుండా ఉన్నానని తనే చెప్పింది. అదొక్కటే కారణం అనను, అవతల ఉన్నది టాప్ సీడ్, చైనా బాక్సర్ వూ యు. కానీ అన్ని వసతులున్న అమ్మాయికే అంత కష్టమైతే, రొయ్యల కాటా మీద బరువు చూసుకుని బస్సెక్కే మన పిల్లల మాటేమిటి? అన్నట్టు ఆ కాటాలని నమ్మకండి. సెలక్షన్స్ కాటాకీ వాటికీ రెండు మూడు వందల గ్రాములు తేడా రావడం మామూలే. పారిస్‌లోనే రెజ్లర్ వినేశ్ ఫోగట్ ఫైనల్ పోయింది వంద గ్రాములకి.

ఒంట్లో నీటిని మూత్రంగా పంపేసే నీళ్ల మాత్ర వేస్తే సరి అంటారు కొందరు. ఆ మాత్రలో ఉండే ఫ్యూరోసిమైడ్ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (WADA) నిషేధిత జాబితాలో ఉంది. టెస్టులో దొరికితే మెడల్‌తో పాటు ఆటా పోతుంది.

అన్నం మానేస్తే మొదటి మూడు రోజుల్లో దిగేది కొవ్వు కాదు. కండల్లో దాచుకున్న పిండిపదార్థం (గ్లైకోజెన్), దాంతో ఉండే నీళ్లూ. ఎదిగే పిల్లాడికి బరువు దించే మాటే వద్దు, పై కేటగిరీలో ఆడించండి. 52న్నర వాడు 55లో కాళ్ల కదలికతో గెలవచ్చు. పెద్దవాళ్లు దించాలంటే నెలల ముందు మొదలుపెట్టి, వారానికి అరకిలోకి మించకుండా, నూనె, స్వీట్లు తగ్గించుకుంటూ రావాలి. రోజూ పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక బరువు చూసి పుస్తకంలో రాయించండి. నా దగ్గరికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం తెస్తే ఏ కేటగిరీయో చెప్పడం నాకు పది నిమిషాల పని.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

హెడ్‌గార్డ్ ఉంటే తలకేమీ కాదన్నది తప్పు. అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది, లోపల మెదడు కుదుపుని ఆపలేదు. నాకౌట్ అయినవాడికి కనీసం నెల రోజులు స్పారింగ్ (ప్రాక్టీసు బౌట్లు) వద్దు, డాక్టర్ సరేనన్నాకే మళ్లీ గ్లవ్స్.

బాక్సింగ్ నేర్చుకుంటే రౌడీ అవుతాడట. పొద్దున్న ఐదింటికి లేచి, సాయంత్రం మళ్లీ ప్రాక్టీసు చేసినవాడికి రాత్రి తొమ్మిదికే కళ్లు మూతలు పడతాయి, గొడవలకి ఓపిక ఎక్కడిది?

ఆడపిల్లలకి పెళ్లితో ఆట అయిపోతుందట. 2012లో లండన్‌లో కాంస్యం గెలిచేనాటికి మేరీ కోమ్ ఇద్దరు పిల్లల తల్లి.

మెడల్ ఉంటే కోచ్ అయిపోవచ్చనేది ఆటగాళ్లలోనే ఉన్న భ్రమ. ఆడటం వేరు, ఆడించడం వేరు. పాటియాలాలోని ఎన్ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) డిప్లొమా ఉంటే ప్రభుత్వ కోచ్ పోస్టులకి విలువ, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. చివరిగా, తేలిక బరువు కోచ్ పెద్ద బాక్సర్లకి ప్యాడ్స్ (పంచ్‌లు ప్రాక్టీసు చేయించడానికి కోచ్ చేతికి తొడుక్కునే మెత్తలు) పట్టలేడంటారు. 80 కిలోల కుర్రాళ్లకి రోజూ పడుతున్నాను. పంచ్ వచ్చే క్షణానికి ప్యాడ్‌ని కొంచెం ఎదురు తీసుకెళ్లడం తెలిస్తే చాలు. భుజం నొప్పి మాత్రం అపోహ కాదు.