కేర్ వీసా మీద వెళ్తే వాళ్లే నర్సింగ్ చదివిస్తారట! కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన ఆదివారం పొద్దున్నే మర్రిపాలెంలోని మా ఇంటికి ఒకమ్మాయి వచ్చింది, వెంట వాళ్ల నాన్న. అమ్మాయి జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసింది, రిజిస్ట్రేషన్ ఉంది, నాలుగేళ్లుగా వైజాగ్‌లోనే ఒక హాస్పిటల్ ఐసీయూలో పనిచేస్తోంది. ఆయన సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో నాలుగు మడతలు పెట్టిన రంగుల కాగితం, ద్వారకానగర్‌లో ఏదో కన్సల్టెన్సీ ఇచ్చింది. పైన లండన్ గడియారం బొమ్మ. కింద తెలుగులో: "కేర్ అసిస్టెంట్‌గా వెళ్లండి. ఉద్యోగం చేస్తూనే కంపెనీ ఖర్చుతో యూనివర్సిటీలో నర్సింగ్ డిగ్రీ. యూనియన్ సపోర్ట్ కూడా."

"9 లక్షలు అడిగారమ్మా. 50 వేలు అడ్వాన్స్ కట్టేశాం. నర్సీపట్నం దగ్గర జీడితోట ఉంది, బేరం పెట్టాను" అన్నారు.

"అమ్మాయి ఇప్పటికే నర్సు కదండీ" అన్నాను.

ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, "అక్కడి డిగ్రీ వేరట కదమ్మా" అన్నారు.

నేను 11 ఏళ్లు ఇంగ్లండ్‌లో నర్సుగా చేసి, అమ్మకి ఒంట్లో బాగోక తిరిగొచ్చేశాను. అక్కడున్న చివరి కొన్నేళ్లు డ్యూటీతో పాటు యూనియన్ తరఫున లెర్నింగ్ రెప్‌గా కూడా ఉన్నాను. తోటి ఉద్యోగుల్లో ఎవరికి ఏ కోర్సు పనికొస్తుందో, డబ్బెవరిస్తారో, మేనేజర్ని ఎలా అడగాలో చెప్పే పని. ఇప్పుడు ఇక్కడ ఒక ప్రైవేటు హాస్పిటల్లో నర్సింగ్ ఎడ్యుకేటర్‌ని. అందుకే ఆ కాగితంలాంటివి వారానికి ఒకటైనా నా చేతికొస్తాయి. ఇక ఓపిక లేక ఇది రాస్తున్నాను.

అపోహ: కేర్ అసిస్టెంట్‌గా వెళ్తే కంపెనీ, యూనియన్ కలిసి ఉచితంగా నర్సుని చేస్తాయి

కేర్ అసిస్టెంట్ అంటే ముసలివాళ్లకీ రోగులకీ స్నానం, తిండి చూసుకునే సహాయకురాలు, నర్సు కాదు. అలాంటివాళ్లని నర్సులుగా చదివించడం ఇంగ్లండ్‌లో నిజంగానే ఉంది. ఆ నిజాన్ని చూపించి ఏజెంట్లు ఎర వేస్తున్నారు. కాబట్టి ముందు అది ఎలా నడుస్తుందో చెబుతాను.

ఇంగ్లండ్‌లో ఏడాదికి 30 లక్షల పౌండ్లకు మించి జీతాలిచ్చే ప్రతి యజమానీ, ఆ మించిన దాని మీద అర శాతం అప్రెంటిస్‌షిప్ లెవీగా, అంటే ఒకరకం పన్నుగా, కట్టాలి. 2017 ఏప్రిల్ నుంచి ఉంది ఇది. ఆ డబ్బుతో తమ ఉద్యోగులను అప్రెంటిస్‌లుగా, అంటే పనిచేస్తూ నేర్చుకునేవాళ్లుగా, యూనివర్సిటీ కోర్సుల్లో చేర్చుకోవచ్చు. హెల్త్‌కేర్ అసిస్టెంట్లు నర్సింగ్ అసోసియేట్ (అసిస్టెంట్‌కీ నర్సుకీ మధ్య మెట్టు) అవడం, అక్కడి నుంచి రిజిస్టర్డ్ నర్స్ అవడం ఎక్కువగా ఈ దారిలోనే. ఓపెన్ యూనివర్సిటీ కూడా ఇలా వార్డుల్లో పనిచేస్తున్న అసిస్టెంట్లకు వాళ్ల యజమానుల మద్దతుతో నర్సింగ్ డిగ్రీ చెబుతుంది. 1969లో పుట్టిన ఆ యూనివర్సిటీ ఉద్దేశమే ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు చదువు.

యూనియన్ ఫీజు కడుతుందనుకుంటే పొరపాటు. అసలు చదువంటేనే భయపడేవాళ్లని యూనివర్సిటీ గుమ్మం దాకా తీసుకెళ్లడం దాని పని. యూనిసన్ అని అక్కడ పెద్ద యూనియన్, ఎన్నో ఏళ్లుగా 'రిటర్న్ టు లెర్న్' అనే కోర్సు నడుపుతోంది. బడి మానేసి పాతికేళ్లయినవాళ్లు మళ్లీ నాలుగు వాక్యాలు రాయడం అక్కడ మొదలుపెడతారు. నాలాంటి లెర్నింగ్ రెప్‌లకు ఆ పని కోసం జీతంతో సమయం ఇవ్వాలని 2002 నాటి చట్టంలోనే ఉంది. ఇంగ్లండ్‌లో ఈ పనికి ప్రభుత్వం ఇచ్చే యూనియన్ లెర్నింగ్ ఫండ్ మాత్రం 2021 మార్చితో ఆగిపోయింది. ఆ దెబ్బ మాకు బాగా తగిలింది.

మా వార్డులో ఒక హెల్త్‌కేర్ అసిస్టెంట్ ఉండేది. అక్కడే పుట్టి పెరిగిన మనిషి, 47 ఏళ్లు. పేషెంటుకి స్నానం చేయించడంలో, మంచం మీద తిప్పడంలో ఆమె తర్వాతే ఎవరైనా. కానీ లెక్కలంటే చేతులు వణికేవి. నర్సింగ్ అసోసియేట్ కోర్సు పూర్తి కావాలంటే ఇంగ్లిష్, లెక్కల్లో లెవెల్ 2 సర్టిఫికెట్ ఉండాలి. ఒక నైట్ డ్యూటీలో, మూడు గంటలప్పుడు, "500 మిల్లీగ్రాముల మాత్ర, ఇవ్వాల్సింది 125, ఎంత ఇస్తావు?" అని అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది. టీలోకి తెచ్చుకున్న బిస్కెట్టు నాలుగు ముక్కలు చేసి ఆమె ముందు పెట్టాను. ఒక ముక్క తీసి పట్టుకుని, "ఇంతేనా?" అంది. "ఇంతే" అన్నాను. ఆ ముక్క తినలేదు, టిష్యూలో చుట్టి జేబులో పెట్టుకుంది. పిచ్చిది.

ఆమె రిజిస్టర్డ్ నర్స్ అయ్యేసరికి 53 నిండాయి. లెక్కలూ ఇంగ్లిషుకి రెండేళ్లు, అసోసియేట్‌కి రెండేళ్లు, పై డిగ్రీకి ఇంకో రెండేళ్లు. ఈ ఆరేళ్లలో ఫీజు పైసా కట్టలేదు, జీతం వస్తూనే ఉంది. ఆమె చేసిన గొడవంతా సమయం కోసమే. లెవీ డబ్బు చదువుకీ పరీక్షకే వాడాలి, ఆమె క్లాసుకెళ్లిన రోజు ఆ షిఫ్టులో నిలబడే మనిషి జీతం అందులోంచి రాదు. అందుకే ఏ వార్డు మేనేజరూ నవ్వుతూ పంపదు. ఏటా ఇచ్చే సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటికి ఇంటర్వ్యూలు. సొంత దేశంలో, సొంత భాషలో, యూనియన్ వెన్నంటి ఉన్నా ఆమెకి ఆరేళ్లు పట్టింది.

ఇప్పుడు మన అమ్మాయి సంగతి. ఆ అప్రెంటిస్‌షిప్ డబ్బు కావాలంటే, కోర్సు మొదలయ్యే నాటికి మన దేశం నుంచి వెళ్లినవాళ్లు మూడేళ్లుగా అక్కడ నివసిస్తూ ఉండాలి. కోర్సు పూర్తయ్యేలోపు వీసా గడువు అయిపోతుందంటే ఇవ్వరు. మామూలుగా యూనివర్సిటీలో చేరదామంటే, వర్క్ వీసా మీద ఉన్నవాళ్లని చాలాచోట్ల విదేశీ విద్యార్థి ఫీజే అడుగుతారు. "దిగిన ఏడాదిలో చదివిస్తారు" అన్న మాట పచ్చి మోసం.

ఇంకో సంగతి, ఇది వినగానే వాళ్ల నాన్న మొహం మాడిపోయింది. కేర్ వర్కర్ వీసాకి విదేశాల నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం బ్రిటన్ 2025 జులై 22న ఆపేసింది. తలుపు మూసేశారు. కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు అంతకుముందే, 2024 మార్చి 11న తీసేశారు. అయినా ద్వారకానగర్‌లో ఆ కాగితం పంచుతూనే ఉన్నారు. గట్టిగా అడిగితే మాట మార్చి, "స్టూడెంట్ వీసా మీద వెళ్లి కేర్ హోమ్‌లో పార్ట్ టైమ్ చేసుకోండి, తర్వాత వాళ్లే స్పాన్సర్ చేస్తారు" అంటున్నారు. డిగ్రీ స్థాయి స్టూడెంట్ వీసా మీద క్లాసులున్న రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ సంపాదనతో అద్దె కట్టుకోవడమే కష్టం.

ముందే వెళ్లినవాళ్ల మాట కూడా చెప్పాలి. కొన్ని కేర్ కంపెనీల స్పాన్సర్ లైసెన్సులు, అంటే విదేశీయులను ఉద్యోగానికి రప్పించుకునే అనుమతులు, రద్దయ్యాయి. అలా అయినప్పుడు సాధారణంగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి. గాజువాక నుంచి వెళ్లిన ఒకమ్మాయి ఆ 60 రోజులూ నాకు రోజూ రాత్రి ఫోన్ చేసేది. ఇక్కడ బి.ఎస్సీ నర్సింగ్ చేసి, అక్కడ కేర్ హోమ్‌లో డైపర్లు మార్చింది. ఆ పని తక్కువని నేననను, నేనూ చేశాను. కానీ నర్సుగా వెళ్లగలిగిన మనిషి 11 లక్షలు పోసి అసిస్టెంట్‌గా వెళ్లింది. నా కోపం అక్కడ.

వాస్తవం: నువ్వు ఇప్పటికే నర్సువి తల్లీ

జీఎన్‌ఎం అయినా బి.ఎస్సీ అయినా, మన కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు అక్కడ మళ్లీ డిగ్రీ చదవక్కర్లేదు. వాళ్ల నర్సింగ్ కౌన్సిల్ ఎన్‌ఎంసీ రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలి. దానికి ముందు ఇంగ్లిష్ పరీక్ష: ఓఈటీ (వైద్యరంగంలో పనిచేసేవాళ్ల ఇంగ్లిష్ పరీక్ష) అయితే వినడం, చదవడం, మాట్లాడటంలో బి గ్రేడ్, రాయడంలో సి ప్లస్. ఐఈఎల్‌టీఎస్ అయితే రాయడంలో 6.5, మిగతా మూడింట్లో 7. తర్వాత కంప్యూటర్ మీద రాసే పరీక్ష, సీబీటీ, అది ఇండియాలోనే రాయొచ్చు. ఆ తర్వాత అక్కడికి వెళ్లి ప్రాక్టికల్ పరీక్ష, ఓస్కీ. నర్సు ఉద్యోగాలకు వీసా దారి ఇప్పటికీ తెరిచే ఉంది. పోటీ మాత్రం మునుపటికంటే ఎక్కువ. ఆరు నెలలు కూర్చుని ఓఈటీ చదవాలంటే బద్ధకం, తోట అమ్మాలంటే తొందర. ఇది ఆ అమ్మాయి ముందే అన్నాను, ఏమీ అనుకోలేదు.

ఏజెంటు ఫీజు సంగతి. ఉద్యోగం చూపించినందుకు మనిషి దగ్గర డబ్బు తీసుకోవడం బ్రిటన్‌లో 1973 చట్టం ప్రకారం నేరం. మన దగ్గర కూడా విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటు సర్వీస్ ఛార్జీ 30 వేలకు మించి తీసుకోకూడదు, పైన జీఎస్టీ. ఆ ఏజెంటు రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. ఆ కాగితం మీద రిజిస్ట్రేషన్ నంబరే లేదు.

ఇక్కడి సంగతులు, త్వరగా

*"డ్యూటీ చేసుకుంటూ ఇంటి దగ్గరే బి.ఎస్సీ నర్సింగ్, అటెండెన్స్ అక్కర్లేదు."* నర్సింగ్‌లో మొదటి చదువు ఏదీ దూరవిద్యలో లేదు. ఏఎన్‌ఎం లేదు, జీఎన్‌ఎం లేదు, బి.ఎస్సీ లేదు. ఇగ్నోలో పోస్ట్ బేసిక్ (జీఎన్‌ఎం తర్వాత చేసే బి.ఎస్సీ) చేసిన నా స్నేహితురాళ్లున్నారు, కానీ అది అప్పటికే రిజిస్ట్రేషన్, అనుభవం ఉన్న నర్సులకు. ఎంట్రన్స్ రాశారు, ప్రాక్టికల్స్‌కి వెళ్లారు, మూడేళ్లు పట్టింది. ఇంకో రాష్ట్రం నుంచి పోస్టులో వచ్చే డిగ్రీని ఏ కౌన్సిలూ రిజిస్టర్ చేయదు. ఒకాయన నాతో వాదించాడు, "లామినేషన్ కూడా చేసి ఇచ్చారు మేడమ్" అని.

*"బాండ్ కోర్టులో చెల్లదు, సంతకం పెట్టేయ్."* ఇది వాట్సాప్ లాయర్ల మాట. చదివించిన హాస్పిటల్ రెండేళ్లు పనిచేయమంటే అది ఉత్తుత్తి కాగితం కాదు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందనే తీర్పిచ్చింది. కాబట్టి సంతకానికి ముందు మూడు అడగండి: ఎన్నేళ్లు, మానేస్తే ఎంత, పనిచేసిన కాలానికి ఆ మొత్తం తగ్గుతుందా. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి దగ్గరా వదలొద్దు, చూపించి వెనక్కి తెచ్చుకోండి. నేను కుర్రతనంలో మొదటి ఉద్యోగంలో వదిలేశాను. తిరిగి తెచ్చుకోవడానికి ఏడు నెలలు ఆ మెట్లెక్కి దిగాను. ఆఖరికి మా మేనమామ వచ్చి అక్కడ బల్ల గుద్దితే బయటికొచ్చాయి.

*"గవర్నమెంటు ఉద్యోగమైతే అడిగిన వెంటనే స్టడీ లీవు."* కేంద్ర ప్రభుత్వ సెలవు నిబంధనల్లో మామూలు ఉద్యోగికి ఐదేళ్ల సర్వీసు తర్వాతే, అదీ మొత్తం సర్వీసులో 24 నెలలు. బాండ్ అక్కడా ఉంది. రాష్ట్ర ఉద్యోగులకు, రైల్వే, పోర్టు వాళ్లకు వాళ్ల సొంత నిబంధనలున్నాయి. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో గుమాస్తాని అడగండి, పక్క బెడ్ సిస్టర్‌ని కాదు.

*"యూనియన్‌కి చదువుతో ఏం పని, ధర్నాలకు తప్ప."* 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టంలోనే యూనియన్ నిధిని సభ్యుల చదువుకి వాడొచ్చని రాశారు. మన దగ్గర ఎవరూ అడగలేదు, అంతే. కనీసం కోర్సులో ఉన్నవాళ్లకి పరీక్షల నెలలో నైట్ డ్యూటీలు తగ్గించమని యూనియన్ నుంచి ఒక లెటర్ పెట్టించండి. రూపాయి ఖర్చు లేని పని.

వయసు గురించి అడిగేవాళ్లకి పైన బిస్కెట్టు కథ చెప్పేశాను.

ఆ తండ్రీకూతుళ్లు రెండు గంటలు కూర్చున్నారు. అడ్వాన్స్‌కి రసీదు ఉందా అని అడిగితే, చిన్న తెల్ల చీటీ తీశారు. "50" అని అంకె, కింద సంతకమో గీతో తెలియని ఒక మెలిక. ఫోన్‌పేలో కట్టారా అంటే లేదు, నగదు. ఏ రోజు, ఎన్నింటికి, ఎవరి చేతికి, పక్కన ఎవరున్నారు, అన్నీ ఒక తెల్లకాగితం మీద రాయించాను. సోమవారం వెళ్లి డబ్బు వెనక్కి అడగమన్నాను, ఇవ్వకపోతే అదే కాగితంతో పోలీస్ స్టేషన్‌కి. ఆయన అది మడిచి, రంగుల కాగితం పక్కనే అదే కవర్లో పెట్టుకున్నారు. తోట బేరం ఆపేస్తానని మాత్రం ఇంకా అనలేదు.

అమ్మాయిని వచ్చే ఆదివారం ఓఈటీ లెటర్లు రెండు రాసుకుని రమ్మన్నాను: ఒకటి డిశ్చార్జ్, ఒకటి రిఫరల్. "అక్కా, చేత్తో రాయాలా, ఫోన్లో టైప్ చేయొచ్చా?" అంది.

చేత్తోనే రాయమన్నాను.