సంగటి ముద్ద, పులుసు, రంపం మిషను

పిల్లలూ,

మీరు తిరుపతి వెళ్లి పది రోజులైంది. ఆగస్టు 15 సెలవుకు వచ్చినప్పుడు మామిడి తోటలో చిన్నది ఒక ప్రశ్న అడిగింది, గుర్తుందా? "ఊరికే కూర్చున్నంతసేపూ బాగానే ఆడుతోంది కదా తాతా, పని చెప్పగానే ఎందుకు ఆగిపోతోంది?" అని. నా చేతులకు పెట్రోలు, నుదుటి నిండా చెమట, ఎదురుగా మాట వినని రంపం మిషను. "అచ్చం నీలాగే" అన్నాను. అది అలిగి అవ్వ దగ్గరికి పోయింది. తప్పు నాదే. అంత మంచి ప్రశ్నకు అలాంటి జవాబు చెప్పకూడదు. అందుకే ఈ ఉత్తరం.

తోతాపురి కాయల కోత జూలైతో అయిపోయింది. ఆ తర్వాత చెట్టు నడిమధ్యలో గుబురుగా అల్లుకున్న కొమ్మలు తీసేయాలి. లోపలికి వెలుతురు, గాలి తగిలితేనే చెట్టుకు సుఖం. చేతి రంపంతో అయితే నేనూ మీ చిన్నతాతా నాలుగు చెట్లకే చతికిలబడతాం. అందుకని నిరుడు వాడి అటక మీద పెట్టిన మిషనును దింపాను. (మన వైపు మిషను రంపం చప్పుడు వినిపిస్తే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది శేషాచలం కొండల్లోని ఎర్రచందనమే. కాబట్టి చెబుతున్నాను, మేము కోసింది మా మామిడి కొమ్మలే.)

తాడు లాగితే మూడోసారికి అందుకుంది. టకటకటక అంటూ ఎంతసేపైనా ఆడుతోంది. కొమ్మకు ఆనించి రేసు ఇవ్వగానే ఒక్క మూలుగు మూలిగి ఆగిపోతోంది. మళ్లీ తాడు, మళ్లీ టకటక, మళ్లీ మూలుగు. అప్పుడే చిన్నది ఆ ప్రశ్న వేసింది.

ఇంజన్ సిద్ధాంతం మీ సైన్సు టీచరు చెబుతారు. నేను సంగటి గురించి చెబుతాను.

అవ్వ రాగి సంగటి ఎలా పెడుతుంది? పళ్లెంలో ముద్ద, పక్కన పులుసు. సంగటిని నమలరు. చిన్న ముద్ద తుంచి, పులుసులో ముంచి, గుటుక్కున మింగుతారు. పులుసు చాలకపోతే ముద్ద గొంతులో పట్టుకుంటుంది. మరీ ఎక్కువైతే ముద్ద కరిగి జావ అవుతుంది. మిషనుకు గాలి సంగటి, పెట్రోలు పులుసు. రెండింటినీ పాళ్లు చూసి వడ్డించే వంటమనిషి కార్బురేటర్. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది, అంతే.

మిషను ఊరికే ఆడేటప్పుడు నిమిషానికి 2,500 నుంచి 3,000 చుట్లు తిరుగుతుంది. అప్పుడు దాని ఆకలి పసిపిల్లల ఆకలి. గోరంత ముద్ద, చుక్క పులుసు. పూర్తిగా రేసు ఇస్తే 12,000 చుట్లు దాటుతుంది. అప్పుడది నాట్లు వేసి వచ్చిన కూలీ ఆకలి. ఈ రెండింటి మధ్య ఉన్న ఒక్క క్షణంలోనే వస్తుంది చిక్కు. రేసు నొక్కగానే కార్బురేటర్ గొంతులో రూపాయి బిళ్ల లాంటి ఒక ఆకు పక్కకు తిరుగుతుంది. గాలి తేలిక కాబట్టి ఆ సందులోంచి ఒక్క ఉరుకున లోపలికి వచ్చేస్తుంది. పెట్రోలు బరువు, అది నిదానంగా బయలుదేరుతుంది. బస్సు వచ్చిందని ఎవరో కేక వేస్తే పులుసు వడ్డించకముందే మీరు పెద్ద ముద్ద నోట్లో వేసుకున్నట్టు! మీకైతే వీపు మీద తట్టడానికి అవ్వ ఉంది. మిషనుకు ఎవరున్నారు? ఆగిపోతుంది.

ఆ వంటమనిషికి ఈ సంగతి ముందే తెలుసు. అందుకే ఆ ఆకు అంచు దగ్గర, గొంతు గోడలో, సూదిమొన అంతటి బెజ్జాలు వరుసగా ఉంటాయి. ఆకు మూసి ఉన్నప్పుడు ఒక్క బెజ్జమే పనిచేస్తుంది. ఆకు కదిలే కొద్దీ తక్కినవి ఒక్కొక్కటే బయటపడి తలా ఒక చుక్క అందిస్తాయి. పెద్ద గరిటె వచ్చేలోపు చిన్న చెంచాలతో వడ్డించి ముద్దను గొంతు దిగేలా చేస్తాయన్నమాట. మొదటి బెజ్జం తెరిచి ఉండి తక్కినవి మూసుకుపోతే మిషను హాయిగా టకటకమంటుంది, రేసు ఇవ్వగానే చస్తుంది. చిన్నదాని ప్రశ్నకు జవాబు చాలావరకు ఇదే.

అయితే పులుసు తక్కువైనా ఆగుతుంది, ఎక్కువైనా ఆగుతుంది. తేడా చెవులతో పట్టుకోవాలి. తక్కువైతే ఊపిరి బిగబట్టినట్టు చటుక్కున ఆగుతుంది, పొగ రాదు. ఎక్కువైతే, చాలాసేపు ఊరికే ఆడాక రేసు ఇస్తే, గళగళమని పుక్కిలించినట్టు చప్పుడై పొగ కక్కి మరీ ఆగుతుంది. ఇంకో పరీక్ష చోక్. దాన్ని సగం మూసి రేసు ఇచ్చి చూడాలి. చోక్ గాలిదారిని ఇరుకు చేస్తుంది, అంటే ముద్ద చిన్నదవుతుంది, పులుసు పెరుగుతుంది. అలా చేస్తే మిషను కోలుకుంటే కొరత పులుసుదే. మాది కోలుకుంది. (ఇక్కడ పోలిక కొంచెం కుంటుతోందని నాకూ తెలుస్తోంది. అయినా వదలను.)

ఇంత తెలిసీ నేను మొదట చేసింది తెలివితక్కువ పని. కార్బురేటర్ పక్కన మరలు ఉంటాయి: తక్కువ వేగానికి ఒకటి, ఎక్కువ వేగానికి ఒకటి, ఊరికే ఆడే వేగానికి ఇంకొకటి. మూడింటినీ తలా కాస్త తిప్పాను. ఏది ఎంత తిప్పానో రాసుకోలేదు. ఇక రోగానికి నా వైద్యం కూడా తోడైంది. "ఊరికే ఆడే వేగం పెంచు, ఆగదు" అన్నాడు మీ చిన్నతాత. పెంచాను. నిజంగానే ఆగలేదు, కానీ రేసు ఇవ్వకుండానే కొమ్మలు కోసే పళ్ల గొలుసు తిరగడం మొదలుపెట్టింది! మిషను ఊరికే ఆడుతున్నప్పుడు గొలుసు కదలకూడదు పిల్లలూ. వేగం పెరిగితే తప్ప లోపలి క్లచ్ దాన్ని పట్టుకోకూడదు. తిరిగే గొలుసుతో మిషను చేతిలో పెట్టుకుని చెట్ల మధ్య నడిస్తే కాలో చెయ్యో పోతుంది. వెంటనే తగ్గించేశాను. మీరు ఆ మిషనును ఆగి ఉన్నప్పుడు కూడా ముట్టుకోవద్దు, నేను పక్కన ఉన్నప్పుడు తప్ప.

తర్వాత బుద్ధి తెచ్చుకుని బయటి నుంచి లోపలికి వెళ్లాను. గాలి వడపోత విప్పితే మామిడి పొట్టు అట్టకట్టి ఉంది. దులిపి, కడిగి, ఆరబెట్టాను. ట్యాంకులోని పెట్రోలు వడపోతను వంచిన తీగతో బయటికి లాగి కొత్తది వేశాను. ట్యాంకుకు గాలి పీల్చే సన్నని దారి ఉంటుంది. అది మూసుకుపోయినా పులుసు దిగదు, కాబట్టి మూత వదులు చేసి కూడా చూశాను. ఇక తిన్నది బయటికి పోయే దారి, అదే సైలెన్సరులోని జల్లెడ. మసి పట్టిందేమోనని అదీ చూశాను. దాని గురించి సంగటి పోలికతో చెబితే అవ్వ ఈ ఉత్తరం చింపేస్తుంది.

అన్నీ బాగానే ఉన్నాయి. మిషను మాత్రం మళ్లీ మూలిగింది.

అప్పుడు గుర్తొచ్చింది, ట్యాంకులో ఉన్నది నిరుటి పెట్రోలు. లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున నూనె కలిపి వాడగా మిగిలినది, అలాగే వదిలేశాను. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పెట్రోలేమో మెల్లగా ఆవిరైపోయి, పాకం గిన్నె అడుగున ఎండిన బెల్లంలా జిగురు మిగులుస్తుంది. సూదిమొన బెజ్జానికి ఆ జిగురు చాలదూ!

బెజ్జం అనగానే నాకు పెట్రోమాక్స్ లైటు గుర్తొచ్చింది. నాకు మీ వయసున్నప్పుడు మా ఊరి ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగేది. పగలు హరికథ, రాత్రి నాటకం. మా ఊరికి అప్పటికి కరెంటు లేదు. పందిరికి రెండు పెట్రోమాక్స్ లైట్లు వేలాడదీసేవాళ్లు. ఒకదానికి గాలి కొట్టే పని నాది. ఆ ఉద్యోగానికి జీతం రెండు గుప్పిళ్ల బొరుగులు. ఒక రాత్రి సరిగ్గా దుశ్శాసనుడు చీర చెంగు పట్టుకున్నాడు, నా లైటు ఎర్రబడి మినుకుమినుకుమంది. జనం అరుపులు. కిరసనాయిలు వచ్చే బెజ్జంలో మసి పట్టింది. నేను వణుకుతున్న చేతితో పిన్ను పెట్టి పొడిచాను, భగ్గున వెలిగింది. ఆ రాత్రి ద్రౌపదిని కాపాడింది శ్రీకృష్ణుడు కాదు, నేనే అని చాలా ఏళ్లు చెప్పుకుని తిరిగాను.

ఆ గర్వంతోనే కార్బురేటర్ విప్పి గుండుసూది చేతికి తీసుకున్నాను. పొడవబోతూ ఎందుకో ఆగాను. మరునాడు అన్నీ డబ్బాలో వేసుకుని చిత్తూరులో ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లి, సూది మాట చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. "అయ్యా, అది మెత్తని లోహం. సూది గీస్తే బెజ్జం పెద్దదవుతుంది. మూసుకున్న బెజ్జాన్ని తెరవగలం, పెద్దదైన దాన్ని చిన్నది చేయలేం" అన్నారు. మందు చల్లి, గాలి కొట్టి, వెలుతురుకు ఎత్తి చూపించారు. బెజ్జాలలోంచి చుక్కల్లా వెలుగు. మీరు పక్కన ఉంటే బాగుండుననిపించింది.

అక్కడితో ఆపకుండా ఆయన ఒక రేకు మూత విప్పి, దాని కింది నుంచి పలుచని నల్లటి పొర తీశారు. ఉల్లిపొరకు అన్నలాంటిది. వేలితో నొక్కితే మెత్తగా వంగాల్సింది అప్పడంలా కరకరలాడింది. ఇంజన్ గాలి పీల్చినప్పుడల్లా ఈ పొర లోపలికి వంగి ఒక చిన్న మీటను నొక్కుతుంది, మీట సూదిని లేపుతుంది, పెట్రోలు లోపలికి దిగుతుంది. బిగుసుకుపోతే పీల్పు అందినా అది సరిగా వంగదు. పాత స్కూటర్లలో దీని బదులు చిన్న తొట్టి, అందులో తేలే బెండు ఉంటాయి. స్కూటరు పడిపోతే తొట్టి ఒలికిపోతుంది. ఈ పొరకు ఒలకడం తెలియదు. మిషనును పక్కకు వంచినా, తలకిందులు చేసినా ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు, ఉన్నదల్లా ఒక పొర. ఇది తట్టినవాడెవరో గాని, ఆ రోజు తిరుగు బస్సులో కూర్చుని చాలాసేపు దాని గురించే ఆలోచించాను. కొండ ఎదురుగా ఉన్నా కిటికీలోంచి చూడలేదు.

కొత్త పొర వేశారు. నేను కెలికేసిన మరలను ఆయనే చెవి పెట్టి వింటూ సరిచేశారు. మిషను ఊరికే ఆడుతుంటే గొలుసు కదలలేదు. రేసు ఇస్తే ఒక్క ఉదుటున అందుకుంది. మిగతా చెట్లు మొన్న బుధవారంతో అయిపోయాయి. పని ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, ఉన్న కాస్త పెట్రోలూ అయిపోయి ఆగేదాకా మిషనును ఆడనిచ్చి, అప్పుడు అటక ఎక్కించాను.

పాత పొరను ఈ కవరులోనే పెట్టాను. వాసన పోయేదాకా రెండు రోజులు ఎండలో ఉంచాను. ముందు చిన్నది చూడాలి, తర్వాతే పెద్దవాళ్లు. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచితే కరకర వినిపిస్తుంది.

వచ్చే ఆదివారం మీ వీధి చివరి మెకానిక్ దగ్గరికి నాన్నతో కలిసి వెళ్లండి. 2020 తర్వాత వచ్చిన బళ్లలో చాలావాటికి కార్బురేటర్ ఉండదు, కాబట్టి పాత స్కూటరుదే అడగండి. టార్చి వేసి, ఆకును వేలితో మెల్లగా తిప్పుతూ, దాని అంచు వెనక ఎన్ని బెజ్జాలు బయటపడతాయో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ తాత